మందుకు లొంగని నేస్తం

ఇంకెవరికీ కనిపించని నేస్తంతో తిరిగే పెద్దమనిషి కథకు అమెరికాలో బాట వేసింది మేరీ చేజ్ నాటకం ‘హార్వీ’. 1944లో బ్రాడ్వేలో మొదలై మరుసటి ఏడాదే పులిట్జర్ బహుమతి అందుకుంది. 1950లో జేమ్స్ స్టీవర్ట్‌తో సినిమాగా వచ్చింది. ఎల్‌వుడ్ అనే సౌమ్యుడికి హార్వీ అనే, ఆరడుగులు దాటిన కుందేలు తోడు. పరువు పోతోందని అక్క అతన్ని మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్తుంది. తీరా సూదిమందు సిద్ధమయ్యాక, అది పడ్డవాళ్లు అందరిలాగే చిరాకు మనుషులైపోతారని ట్యాక్సీ డ్రైవరు చెబుతాడు. వద్దు వద్దంటూ ఆపించేది కూడా ఆ అక్కే.

అయితే హార్వీ చిన్ననాటి నేస్తం కాడు. పెద్దయ్యాక ఒక వీధి దీపం దగ్గర పరిచయమైనవాడు. బాల్యం నుంచి నేరుగా ఊడిపడినవాడు 1991 నాటి ‘డ్రాప్ డెడ్ ఫ్రెడ్’లో కనిపిస్తాడు. దర్శకుడు డచ్చివాడైన ఆటె డి యోంగ్. భర్త, పర్సు, కారు, ఉద్యోగం అన్నీ ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టుకున్న లిజీ (ఫీబీ కేట్స్) తల్లి ఇంటికి చేరుతుంది. టేపు చుట్టి మూసేసిన పాత బొమ్మపెట్టె తెరవగానే ఫ్రెడ్ బయటికి దూకుతాడు. వచ్చీ రాగానే తెల్ల తివాచీ మీద కుక్క పెంట పులుముతాడు. బీబీసీ ‘ది యంగ్ వన్స్’తో పేరుపొందిన రిక్ మాయల్ ఈ పాత్రను అరుపులతో, వెకిలి చేష్టలతో నింపేశాడు. విమర్శకులు ముక్కు మూసుకున్నారు. కానీ ఆ వెకిలితనమే కథకు ప్రాణం. నోరు మెదపనివ్వని తల్లి దగ్గర ఆ పిల్ల మింగేసిన కోపమంతా ఫ్రెడ్ రూపంలో తిరిగొచ్చింది. తల్లి ఊరుకుంటుందా? డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుంది. ఈసారి సూది కాదు, ఆకుపచ్చ మాత్రలు. ఒక్కో మాత్రకూ ఫ్రెడ్ నీరసించిపోతుంటే నవ్వొచ్చే సినిమాలో గుండె కలుక్కుమంటుంది. అమెరికాలో సుమారు 1.4 కోట్ల డాలర్లు వసూలు చేసిన ఈ చిత్రం, తర్వాత ఇళ్లలో వీడియోల్లో చూసినవాళ్ల అభిమానంతోనే నిలబడింది.

ఈలోగా మనస్తత్వశాస్త్రం కూడా మారింది. మార్జొరీ టేలర్, స్టెఫనీ కార్ల్సన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్లలోపు పిల్లల్లో దాదాపు 65 శాతం మందికి ఏదో ఒక దశలో ఇలాంటి నేస్తం ఉన్నట్టు తేలింది. రోగమే కానప్పుడు ఇక మందెందుకు? తర్వాతి సినిమాల్లో ఆ డాక్టరు పాత్రే మాయమైంది. ‘ఇన్‌సైడ్ అవుట్’ (2015)లో బింగ్ బాంగ్ తనను మరిచిపోయిన పిల్ల కోసం కనుమరుగవుతాడు. ‘క్రిస్టఫర్ రాబిన్’ (2018)లో పూ ఎలుగుబంటి ఆఫీసు పనిలో మునిగిన పెద్దవాణ్ని వెతుక్కుంటూ వస్తాడు. జాన్ క్రాసిన్‌స్కీ ‘ఇఫ్’ (2024)లోనైతే నేస్తాలే దిక్కులేనివాళ్లు, పెద్దవాళ్లకు తాము గుర్తుంటే చాలనుకుంటారు. మన ‘శంకర్‌దాదా జిందాబాద్’ (2007)లో చిరంజీవికి కనిపించే గాంధీని కావాలంటే ఈ వంశానికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

కొత్తవాళ్లందరూ మంచివాళ్లే, కంటతడి పెట్టిస్తారు. కానీ లిజీ చేత తల్లికి ఎదురు చెప్పించింది మాత్రం తివాచీ పాడుచేసిన ఆ అల్లరివాడే. ఈ తరహా హాస్యచిత్రాల్లో ఇప్పటికీ నా ఓటు అతనికే.