పాత గుడ్డకు విలువ వచ్చింది, మన కూలికి?

ఈ మలరుకు చేనేత చరిత్ర ఏదైనా రాయమని అడిగినారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. తెలిసిన తారీఖులు రాస్తాము, మిగతాది మగ్గం గుంటలో కూర్చొని చూసిన సంగతి.

ఇప్పుడు బట్టల వ్యాపారంలో ‘సర్క్యులర్ ఫ్యాషన్’ అనే మాట తిరుగుతున్నది. పాత గుడ్డను పారెయ్యకుండా మళ్లీ నూలు చేసి, మళ్లీ గుడ్డ చెయ్యాలట. యూరప్ యూనియన్ దేశాల్లో 2025 జనవరి నుంచి పాత బట్టలను మామూలు చెత్తలో కలపకుండా వేరుగా ఎత్తాలని చట్టమే ఉన్నది. మనకు ఈ పేరు తెలియదు గానీ పని తెలుసు. గుడ్డ కోసినాక అచ్చులో మిగిలిన కొసలకే కొత్త పడుగు అతికేవాళ్లం. తెగిన పోగులు దిండులోకి పోయేవి. మిగిలిన గంజి పశువుల కుడితిలోకి. చీర చినిగితే పిల్లకు ఉయ్యాల, అదీ పాతబడితే నాలుగు చీరలు కలిపి బొంత, బొంత చినిగితే మసిగుడ్డ, దీపానికి ఒత్తి. ఆఖరుకు బూడిదే. పట్టుచీరైతే జరీలో వెండి కోసం పాత చీరలు కొనేవాళ్లు వీధికే వచ్చేవాళ్లు.

ఈ చుట్టు ఎక్కడ తెగింది? మిల్లు గుడ్డ వచ్చినందువల్ల అని చాలామంది చెప్తారు. మేము ఒప్పుకోము. మిల్లు గుడ్డ మన కూలి తీసింది నిజమే, అయితే అదీ పత్తే, దాన్నీ ఒత్తి చెయ్యవచ్చు. తెగింది టెరికాటన్ వచ్చినాక. చినగదు, ఉతికితే తొందరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కరలేదు. మన ఇండ్లలో పెండ్లికొడుకులే చేనేత పంచె విడిచి టెరికాటన్ ప్యాంటు అడిగినారు. వాళ్లను తప్పు పట్టలేము. కానీ ఆ గుడ్డ పాతబడితే దేనికీ రాదు. నీళ్లు పీల్చదు, మసిగుడ్డకు పనికిరాదు. ఒత్తి చేస్తే దీపం వెలగదు, కరుగుతుంది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె మన వీధికి వస్తే ముందు వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. అనుమానముంటే ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీస్తుంది. కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద వస్తే నూలు. నల్లని ఉండ కడితే కలిపిన గుడ్డ, దానికి చిన్న గిన్నె కూడా ఇవ్వదు. ఆమె పరీక్ష ఏ లాబొరేటరీకీ తీసిపోదు.

సర్కారు మనకు చేసిందీ ఉన్నది. కోఆప్టెక్స్ 1935లోనే పుట్టింది. 1985 చట్టం మొదట 22 రకాల గుడ్డలు చేతి మగ్గానికే అన్నది, తరువాత అవి 11 అయినాయి. చట్టం కాగితంలో ఉంది, ఆ రకాలే పవర్‌లూమ్‌లో నడుస్తున్నాయి. అది అందరికీ తెలిసిన కథ.

రంగుల కథ వేరు. కొన్ని ఆజో రంగులు ఒంటికి చేటని జర్మనీ ఆపినాకనే మన దేశంలో 1997లో 70 ఆజో రంగులను నిషేధించినారు. తిరుప్పూరులో రంగు నీళ్లు నొయ్యల్ ఏటిలో కలిసి ఒరత్తుపాళయం ఆనకట్ట కింది పైర్లు పాడైనాయి. రైతులు కోర్టుకెక్కినారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి రంగుల యూనిట్లను మూయమన్నది.

ఆ తిరుప్పూరు పక్కనే ఇంకొక పనీ నడుస్తున్నది. బనీన్లు కోసినప్పుడు మిగిలే ముక్కలను రంగు రంగుగా ఏరి, మిషన్లో చీల్చి దూది చేసి, ఓపెన్ ఎండ్ మిల్లులో మళ్లీ నూలు తీస్తారు. రంగు ముందే ఉంది కాబట్టి మళ్లీ రంగు వెయ్యనక్కరలేదు, అన్ని నీళ్లు మిగులుతాయి. మంచి పని. అయితే చీల్చిన దూది పోగు పొట్టిది, నూలు ముతక, బలం తక్కువ. తుండ్లకు, దుప్పట్లకు, జమక్కాళాలకు పేకగా బాగుంటుంది. పడుగు వేస్తే మాటిమాటికీ తెగుతుంది. బలానికని ప్లాస్టిక్ బాటిళ్ల పోగు కలుపుతారు. అప్పుడు మళ్లీ ఆ టెరికాటన్ కథే! ఆ తుండు పాతబడితే స్టీలు సామాను ఆమె తీసుకోదు.

ఒక ఎక్స్‌పోర్ట్ వ్యాపారి మా దగ్గరికి ఈ నూలుతో తుండ్లు కావాలని వచ్చినాడు. ‘వేస్టు నూలు కదా, కూలి తగ్గించండి’ అన్నాడు. లేబుల్ మీద మాత్రం భూమిని కాపాడే గుడ్డ అని, రేటు ఎక్కువ. మా నేతగాడు పగలంతా తెగిన పోగులు అతుకుతూ కూర్చుంటే నాలుగు తుండ్లు దిగే చోట మూడు దిగినాయి. మనకు కూలి తుండు లెక్క, గంట లెక్క కాదు. భూమిని కాపాడే ఖర్చు అతని పొట్ట మీద పడింది.

కాబట్టి సమాఖ్య సర్వసభ్య సభకు మేము రెండు మాటలు ఇస్తున్నాము, తీర్మానంలో పెట్టండి. మళ్లీ తీసిన నూలుకు కూలి పట్టీ వేరుగా ఉండాల, అతికే టైము దాంట్లో కలపాల. ప్రతి కట్ట మీద నూలు ఎంత, ప్లాస్టిక్ పోగు ఎంత అని మన భాషలోనూ తమిళంలోనూ రాయాల. నమ్మకం లేనివాళ్లకు అగ్గిపెట్టె సొసైటీ బల్ల మీదే ఉంటుంది.