కోడి అరికాలు, కొలుమెల్లా కర్ర

పెరట్లో కోడి ఒంటికాలిమీద నిలబడితే ఎవరూ పట్టించుకోరు. కునుకు తీసే కోడి అలాగే నిలబడుతుంది. మర్నాడు కూడా అదే కాలు ఎత్తిపెట్టుకుని కుంటుతుంటే మాత్రం పట్టుకుని అరికాలు తిరగేసి చూడాలి. పాదం కింది మెత్త ఉబ్బి, వేడిగా ఉండి, నడుమ మిరియపు గింజంత నల్లటి పెచ్చు కనిపిస్తే ఇంగ్లీషువాళ్ళు బంబుల్‌ఫుట్ అని పిలిచే జబ్బు అదే. చూడటానికి మనిషి కాలి ఆనెలా ఉంటుంది. లోపల ఉన్నది చీము.

కోడి కాళ్ళ గురించి ఆలోచించిన పాతవాళ్ళలో క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత కొలుమెల్లా ఒకడు. ఇప్పటి స్పెయిన్‌లోని కాడిజ్‌లో పుట్టాడు. సేద్యంమీద రాసిన పెద్ద గ్రంథంలో ఎనిమిదో భాగం కోళ్ళకూ ఇతర పెంపుడు పక్షులకూ చేపల చెరువులకూ కేటాయించాడు. రెట్ట పాదాలకు అంటుకుని ఉండిపోతే కాళ్ళకు వాతం వస్తుందనీ, కోళ్ళు రాత్రి ఎక్కి కూర్చునే కర్రలను నలుపలకలుగా చెక్కాలనీ అందులో చెప్పాడు. గుండ్రంగా నున్నగా ఉంటే ఎగిరి వాలే కోడికి పట్టు దొరకదట. ఆయన వాతమన్నది ఏ జబ్బునైనా కావచ్చు, చూపు మాత్రం పడవలసిన చోటే పడింది. కోడి దేనిమీద నిలబడుతోందో చూశాడు.

ఆ తర్వాత చాలాకాలం ఈ జబ్బు గురించి కోళ్ళవాళ్ళకన్నా డేగలను పెంచే వేటగాళ్ళే ఎక్కువ మాట్లాడుకున్నారు. రాజుగారి డేగ కుంటితే కొలువంతా కదులుతుంది, కోడి కుంటితే కూరవుతుంది! ఇంగ్లండులో కోడికి ఆ మర్యాద 19వ శతాబ్దంలో దక్కింది. 1840ల నుంచి చైనా కొచ్చిన్ కోళ్ళు అక్కడికి చేరి, బరువైన జాతుల మోజు ఊరూరా పాకింది. కాలికి ఐదు వేళ్ళుండే డార్కింగ్ కోళ్ళకు ఈ వాపు ఎక్కువని పెంపకందార్లు గమనించారు. బరువైన పక్షి ఎత్తునుంచి గట్టినేలమీదికి దూకినప్పుడు అరికాలు నలుగుతుంది, కంటికి కనపడని గీత పడుతుంది. కర్రను కిందికి దించమన్నది అప్పటి సలహా. వచ్చేసిన వాపును కోసి, కాస్టిక్‌తో కాల్చేవారు.

1880లో స్కాట్లండులోని అబెర్‌డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ మనుషుల చీముగడ్డలను మైక్రోస్కోపు కింద పెట్టి, ద్రాక్షగుత్తుల్లా ఉన్న క్రిములను చూశాడు. వాటికి స్టెఫైలోకాకస్ అని పేరుపెట్టాడు. వాటిలో బంగారు రంగుదాన్ని 1884లో రోజెన్‌బాక్ అనే వైద్యుడు ఆరియస్ అన్నాడు. కోడి అరికాలి గీతలోంచి ఎక్కువగా లోపలికి పోయేది ఇదే. 2009లో ఎడిన్‌బరో పరిశోధకుల బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. లోకమంతటా కోళ్ళలో వ్యాపించిన ఈ క్రిమి తెగ ఒకటి, అప్పటికి సుమారు 38 ఏళ్ళ కిందట మనిషినుంచి కోడికి చేరిందట. జబ్బులు కోళ్ళే మనకు అంటిస్తాయనుకునే మనకు ఇది చురకే.

క్రిమి దొరికింది, పెన్సిలిన్ వచ్చింది, అయినా అరికాలు లొంగలేదు. దానికి కారణం కోడి ఒంట్లోనే ఉంది. మన చీము కారిపోతుంది. కోడి చీమును కరిగించే సరుకు దాని తెల్లకణాల్లో లేదు, అందుకే అది ఉడికిన గుడ్డు పచ్చసొనలా గట్టిపడి గూడు కట్టుకుంటుంది. గాటు పెడితే కారదు, మందు లోపలికి ఇంకదు. గట్టిపడ్డ గడ్డను పశువైద్యుడు శుభ్రంగా తీయవలసిందే. మొదట్లోనే పసిగడితే గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పాదం నానబెట్టి, పొవిడోన్ అయోడిన్ రాసి, దూదితో కట్టుకట్టి, పొడి పడకమీద ఉంచితే చాలాసార్లు తగ్గుతుంది. యాంటీబయాటిక్ ఇప్పించారా, డాక్టరు చెప్పినన్నాళ్ళు ఆ గుడ్లు తినకూడదు.

కాలు వాచిన ప్రతి కోడిదీ ఈ జబ్బే కాదు. పొలుసులు లేచి కాలు గరుకుగా మందమైతే అది చర్మంకింద దూరే పురుగు. మడమ కీలు కూడా వాచి, నాలుగైదు కోళ్ళు ఒకేసారి కుంటుతుంటే మైకోప్లాస్మా అనే క్రిమిని అనుమానించాలి.

20వ శతాబ్దంలో కోళ్ళు తీగల బోనుల్లోకి వెళ్ళాయి. అక్కడ కర్ర లేదు, దూకడమూ లేదు. కోడికి కూర్చునే కర్ర హక్కేనని ఐరోపా మళ్ళీ ఒప్పుకుంది. కోడికి 15 సెంటీమీటర్ల చొప్పున కర్ర ఉండాలన్న నిబంధన 1999లో వచ్చింది, ఉత్త బోనులు 2012 నుంచి నిషిద్ధమయ్యాయి. కర్ర తిరిగి రాగానే అరికాలి వాపూ తిరిగొచ్చింది. ప్లాస్టిక్‌దా చెక్కదా, గుండ్రమా నలుపలకా అని స్వీడన్ మొదలు పలుచోట్ల శాస్త్రజ్ఞులు కొలతలు మొదలుపెట్టారు. పాదంమీద పడే ఒత్తిడిని సెన్సార్లతో లెక్కగట్టారు. కొలుమెల్లా వింటే నవ్వుకునేవాడు.

మన దగ్గర ఫారాల్లో నేలమీద వరి ఊక పరుస్తారు. వానాకాలం అది తడిసి ముద్దయితే అరికాళ్ళు ఒరుస్తాయి. పెరటికోడి కథ వేరు. బక్కపలచని నాటుకోడి చెట్టుకొమ్మ దిగినా ఏమీ కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందిన వనరాజా పుంజు, మన అసీలు పుంజు దానికన్నా బరువైనవి. వాటికి అటకంత ఎత్తున కర్ర కట్టి, కింద సిమెంటు పోస్తున్నారు. అంచులు కాస్త చిత్రిక పట్టిన రెండంగుళాల వెడల్పు రీపర్‌ను మోకాలెత్తున కొట్టి, కింద ఊక చల్లడానికి వడ్రంగికి అరగంట పడుతుంది.