సి డ్రైవుకి ఇద్దరన్నలు

కంప్యూటరు తెరవగానే "సి" డ్రైవు కనిపిస్తుంది. మరి "ఎ", "బి"లు ఏమయ్యాయని ఎప్పుడైనా అడిగారా? వాళ్ళిద్దరూ అన్నలండీ, కాలం చేశారు. 1981లో ఐ.బి.ఎం. వారి పి.సి. వచ్చినప్పుడు ఫ్లాపీలు పెట్టే రెండు అరలకీ ఆ పేర్లు చెల్లిపోయాయి. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో ఎక్స్.టి. అనే మోడలు వచ్చింది. మూడో సంతానం కదా, ఆ డిస్కు "సి" అయింది.

డిస్కు వంశం అంతకంటే పాతది. 1956లో అదే కంపెనీ రామాక్ అనే యంత్రానికి చేసిన డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50, ఒకదానిమీద ఒకటి! బరువు టన్ను పైమాటే. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. నావి ఓ పది, పన్నెండు నవలలు పడతాయేమో.

వాటాల పద్ధతి కూడా 1983లో డాస్ 2.0తోనే వచ్చింది. డిస్కు మొదటి గడిలో 64 బైట్ల జాగా వదిలి, అందులో నాలుగే నాలుగు వాటాల సరిహద్దులు రాసుకోమన్నారు. మన భాగపంపకాల దస్తావేజులు ఎన్ని పేజీలుంటాయో తలుచుకుంటే నవ్వొస్తుంది. తర్వాత కొన్నేళ్ళపాటు డాస్‌కి ఒక్కో వాటా 32 మెగాబైట్లు దాటితే కళ్ళు ఆనేవి కావు. అంచేత అంతకంటే పెద్ద డిస్కు కొన్నవాళ్ళు ఇష్టమున్నా లేకపోయినా ముక్కలు చేసుకోవలసిందే. అప్పటి అవసరం ఇప్పటికీ ఆచారంగా మిగిలిపోయింది, మన ఇళ్ళల్లో కొన్నిటిలాగే.

ఆ ఆచారం కిందటేడు మా గుమ్మంలోకీ వచ్చింది. మా కంప్యూటరు మీట నొక్కి, డికాక్షను దిగి, కాఫీ తాగి వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. బాగుచేసే కుర్రాడు, "ఫార్మాట్ కొట్టి రెండు పార్టిషన్లు చేద్దాం ఆంటీ, రాకెట్టులా పోతుంది" అన్నాడు. అందులో నా సగం నవల ఉంది. పోయే ముందు నాన్నగారు పాడిన పాటలున్నాయి. "ముందు జబ్బేమిటో చూడు బాబూ, మందు తర్వాత" అన్నాను.

చూస్తే సంగతి ఇదీ. "సి"లో వేలు పట్టే చోటు లేదు. మీట నొక్కగానే డజను ప్రోగ్రాములు పిలవని పేరంటానికి వచ్చేస్తున్నాయి. ర్యామ్ చాలక, మిగిలిన సామానంతా డిస్కులోకి మోస్తోంది. పళ్ళెం మీద ముల్లు అటూ ఇటూ పరుగెత్తుతూ ఆయాసపడుతోంది. మధ్యలో గోడ కడితే ముల్లు పరుగు తగ్గుతుందా చెప్పండి? గోడవల్ల ఒక లాభం మాత్రం ఉంది. "సి"లో విండోస్ చెడిపోయి తీసి మళ్ళీ వేసినా, "డి"లో మన సరుకు కదలదు. కాని ఆ గోడ కాగితం మీద గీతే. డిస్కే పోతే రెండు వాటాలూ ఒకేసారి పోతాయి.

కాబట్టి మొట్టమొదట పాటలూ, నవలా వేరే డిస్కులోకి ఎక్కించాం. ఒక కాపీ మా చెల్లెలింటికి పంపాను. అనవసరపు ప్రోగ్రాములు ఆపించి, ముల్లూ పళ్ళేలూ లేని ఎస్.ఎస్.డి. వేయించాం. ఇప్పుడు డికాక్షను దిగేలోపలే తెర వెలుగుతోంది. పాత డిస్కు మూత కుర్రాడి చేత విప్పించి చూశాను. అద్దంలా మెరిసే పళ్ళేలు రెండే రెండు, మా పూజగదిలో హారతి పళ్ళెం కంటే చిన్నవి.