కారు స్టీరింగ్ కాలమ్ విప్పడం: ఎప్పుడు అవసరం, ఎలా చేస్తారు, ఎక్కడ ప్రమాదం

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటి పారింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీతో ఒడ్డుకు తెచ్చిన డ్రైవర్ సంగతి మన పాఠకులందరికీ గుర్తే. వరద తీశాక బొక్కలగడ్డ, వెంకటేశ్వరనగర్ లాంటి పేటల్లో ఇళ్ల ముందు బురదలో కూరుకుపోయిన కార్లు మిగిలాయి. అంతకు రెండేళ్ల ముందు, 2022 జులైలో, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి వంతెనపై రాకపోకలే ఆగిపోయాయి. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అక్కడ అంత నీరు రావడం అదే.

నీళ్లలో మునిగిన కారు అనగానే అందరూ ఇంజిన్ గురించే అడుగుతారు. సీటు దాటి డ్యాష్‌బోర్డు దాకా నీరు వచ్చిందంటే స్టీరింగ్ కాలమ్ గురించి కూడా అడగాలి. ఆల్టో కె10, వ్యాగనార్, స్విఫ్ట్, ఐ20 లాంటి మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే కార్లలో పవర్ స్టీరింగ్ మోటారు కాలమ్‌కే బిగించి ఉంటుంది. చేతి బలాన్ని కొలిచే టార్క్ సెన్సార్ కూడా అందులోనే ఉంటుంది. బురదనీరు వాటిలోకి దిగితే మొదటి వారం బాగానే నడవచ్చు. తర్వాత కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. ఓ రోజు మలుపులో ఉన్నట్టుండి స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. పాత మారుతి 800కి ఈ బాధ లేదు, దానికి పవర్ స్టీరింగే లేదు కాబట్టి. బొలెరోలో హైడ్రాలిక్ పద్ధతి, కాలమ్‌లో మోటారు ఉండదు.

కాలమ్ విప్పాల్సి రావడానికి రెండో కారణం రోడ్డు. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే జాతీయ రహదారి పర్వాలేదు. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి దారుల్లో లోపలికి వెళ్లే కొద్దీ గుంతలు, కల్వర్టుల దగ్గర ఎగుడుదిగుళ్లు. ఆ దెబ్బలన్నీ చక్రం నుంచి ర్యాక్‌కు, అక్కడి నుంచి కాలమ్ కింది జాయింటుకు చేరతాయి. షెడ్లలో దీన్నే స్టీరింగ్ క్రాస్ అంటారు. అది అరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు కాళ్ల దగ్గర టక్ టక్ మని చప్పుడు వస్తుంది, లేదా వీల్ కాస్త తిప్పినా చక్రం కదలదు. అయితే ఇదే చప్పుడు టై రాడ్ ఎండ్ నుంచీ, ర్యాక్ నుంచీ కూడా రావచ్చు. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే, ఇంకొకరు కింద చెయ్యి పెట్టి ఏ జాయింటులో లొడలొడ ఉందో పట్టుకోవాలి. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా కాలమ్ మొత్తం మార్చాలని చెప్పే షెడ్డును నమ్మనక్కర్లేదు. చాలాసార్లు కింది షాఫ్ట్ ఒక్కటే మార్చితే సరిపోతుంది, దానికి పై భాగం విప్పే పనే ఉండదు.

కంపెనీ తప్పు కూడా కావచ్చు. 2023 జులైలో మారుతి సుజుకి స్టీరింగ్ టై రాడ్ లోపం అనుమానంతో 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను వెనక్కి పిలిచింది. 2024 ఆగస్టులో స్టీరింగ్ గేర్ బాక్స్ విషయంలో 2,555 ఆల్టో కె10 కార్లను పిలిచింది. ఇలాంటి రీకాల్‌లో మరమ్మతు ఉచితం. జేబులోంచి డబ్బు తీసే ముందు ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ షోరూంలో అడగడం మంచిది.

ఇక విప్పే పని. ముందుగా బండిని చదునైన చోట నిలిపి, ముందు చక్రాలు సూటిగా ఉండేలా పెడతారు. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీస్తారు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. మన దేశంలో 2019 జులై 1 నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది ఉండేది స్టీరింగ్ వీల్ మధ్యలో. బ్యాటరీ తీసినా దాని కంట్రోల్ యూనిట్‌లో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది. కొన్ని కంపెనీలు 90 సెకన్లు ఆగమంటాయి, కొన్ని ఇంకా ఎక్కువ. అనుభవం ఉన్న ఉస్తాద్‌లు పది పదిహేను నిమిషాలు ఆగి చాయ్ తాగి వస్తారు. తొందరేమీ లేదు కదా. సుమారు 30 మిల్లీసెకన్లలో విచ్చుకునే సంచి ముందు ముఖం పెట్టి పని చేస్తున్నామని మర్చిపోకూడదు.

ఎయిర్‌బ్యాగ్ వీల్ వెనక నుంచి స్క్రూలతోనో, స్ప్రింగ్ క్లిప్పులతోనో పట్టి ఉంటుంది. అది ఊడాక పసుపు రంగు కనెక్టర్ తీసి, కవరు వైపు పైకి ఉండేలా దూరంగా పెట్టాలి. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు మొత్తం రాకెట్‌లా ఎగురుతుంది. దాని వైర్లను మల్టీమీటర్‌తో గానీ, టెస్ట్ బల్బుతో గానీ చూడకూడదు. ఆ కొద్ది కరెంటే దాన్ని పేల్చడానికి చాలు. చిన్న షెడ్లలో పని నేర్చుకునే పిల్లలు ఉంటారు. ఈ భాగం వాళ్ల చేతికి ఇవ్వకూడదు.

తర్వాత వీల్ నట్టు. వీల్‌కూ షాఫ్ట్‌కూ కలిపి ఒక గీత గీసుకోవాలి. నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు ఉంచి పుల్లర్ వేయాలి, లేకపోతే వీల్ ఒక్కసారిగా ఊడి మూతికి తగులుతుంది. సుత్తితో కొట్టడం పెద్ద తప్పు. ఎందుకో తెలియాలంటే కాలమ్ ఎలా తయారైందో చూడాలి. ఒకప్పుడు అది తిన్నని ఇనుప కడ్డీ. ఎదురుగా గుద్దితే డ్రైవర్ గుండెల్లోకి దిగేది. 1967 మోడల్ కార్లలో జనరల్ మోటార్స్ కుంచించుకుపోయే కాలమ్ తెచ్చింది, 1968 జనవరి 1 నుంచి అమెరికాలో దానికి ప్రభుత్వ ప్రమాణాలు వచ్చాయి. ఇప్పటి కాలమ్‌లు కూడా ఒకదానిలోకి ఒకటి జారే గొట్టాలు, తేలిగ్గా తెగే ప్లాస్టిక్ పిన్నులతోనే ఉంటాయి. సుత్తి దెబ్బకు ఆ పిన్నులు లోపల తెగితే బయటికి ఏమీ కనపడదు. బిగించాక బాగానే తిరుగుతుంది. ప్రమాదంలో మాత్రం పని చేయాల్సిన రీతిలో చేయదు.

వీల్ కింద గుండ్రంగా ఉండేది క్లాక్ స్ప్రింగ్, కొందరు స్పైరల్ కేబుల్ అంటారు. వీల్ తిరుగుతున్నా ఎయిర్‌బ్యాగ్‌కూ హారన్‌కూ కరెంటు తెగకుండా చూసే పలచటి రిబ్బన్ అందులో చుట్టుకుని ఉంటుంది. తీయగానే తిరగకుండా టేపు వేయాలి. ఎవరైనా సరదాగా తిప్పి అలాగే బిగిస్తే, మొదటి పెద్ద మలుపులోనే రిబ్బన్ తెగుతుంది. హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది. కాలమ్ పని అయిన వారంలో హారన్ పోయిందంటే కారణం దాదాపు ఇదే.

పైకవర్లు, ఇండికేటర్, వైపర్ స్విచ్, తాళం దగ్గరి వైర్లు వరసగా ఊడదీయాలి. కనెక్టర్లు తీసే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. తర్వాత పెడల్స్ దగ్గరి కింది జాయింటుకు వస్తారు. అక్కడా గుర్తు గీసి, బోల్టును పూర్తిగా బయటికి లాగాలి. ఆ బోల్టు షాఫ్ట్ మీద ఉన్న గాడిలో కూర్చుంటుంది కాబట్టి వదులు చేసినంత మాత్రాన జాయింటు రాదు, లాగితే ఇంకేదో విరుగుతుంది. చివరగా డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్ బోల్టులు. ఎక్కువ బండ్లలో నాలుగు. మోటారుతో కలిపి కాలమ్ బరువుగా ఉంటుంది, ఒకరు కింద పట్టుకుని ఉండాలి. వేలాడనిస్తే పైన చెప్పిన పిన్నులే తెగుతాయి. కాలమ్ బయట ఉన్నంతసేపు ముందు చక్రాలను కదపకూడదు.

తిరిగి బిగించేటప్పుడు గుర్తులు కలిపి, జాయింటు బోల్టు కొత్తది వేసి, టార్క్ పానాతో బిగించాలి. ఎంత బిగించాలన్నది ప్రతి మోడల్‌కూ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. ఈ ఒక్క బోల్టు జారితే వీల్ చేతిలో ఊరికే తిరుగుతుంది. బ్యాటరీ కలిపేటప్పుడు బండిలో ఎవరూ కూర్చోకూడదు. తర్వాత స్కానర్ పెట్టి సెన్సార్‌ను సున్నాకు సెట్ చేయాలి. అది చేయకపోతే రోడ్డు సూటిగా ఉన్నా బండి ఒక పక్కకు లాగుతుంది. స్కానర్ లేని షెడ్డులో ఎలక్ట్రిక్ స్టీరింగ్ పని చేయించకపోవడమే నయం, రెండు వేలు తక్కువ అడిగినా సరే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు. ఓన్ డ్యామేజ్ కూడా ఉన్న కాంప్రిహెన్సివ్ పాలసీలో వస్తుంది. అయితే సర్వేయర్ చూడకముందే కాలమ్ విప్పితే క్లెయిమ్‌లో పేచీ పడుతుంది. మునిగిన కారును స్టార్ట్ చేయకుండా, ఫొటోలు తీసి, ముందు కంపెనీకి తెలపాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలపై జీఎస్టీ 18 శాతం. పాత 28 శాతం వేసిన బిల్లు ఇస్తే అడగాలి.

వరదలో మునిగిన కార్లు కడిగి, సీట్లు మార్చి, వేరే జిల్లాలో అమ్మకానికి వస్తుంటాయి. కొనేవారు స్టీరింగ్ కింద తల పెట్టి టార్చి వేయాలి. కాలమ్ బ్రాకెట్ మూలల్లో ఒండ్రుమట్టి, బోల్టు తలల మీద తుప్పు, పానా గీతలు కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే బల్బే తీసేసి ఉంటారు. తడిసిన ధాన్యం మీద పొడి ధాన్యం పోసి అమ్మిన వర్తకుడి హదీసు మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు; కారు అమ్మేవారికీ అది వర్తిస్తుంది. మునిగిన బండిని మునిగిన బండిగానే, ఆ ధరకే అమ్మవచ్చు.

సెకండ్ హ్యాండ్ కాలమ్ వేయించుకోవాల్సి వస్తే, అది గుద్దుకున్న బండిదైతే వద్దు, ఎయిర్‌బ్యాగ్ పేలిన బండిదైతే అసలే వద్దు. పార్టు నంబరు పాతదానితో సరిపోవాలి. చూడటానికి ఒకేలా ఉన్నా వేరియంట్ మారితే మోటారు కంట్రోల్ యూనిట్ కలవకపోవచ్చు. పని అయ్యాక విప్పిన పాత కాలమ్‌ను డిక్కీలో వేయించుకుని రావాలి, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగితే తప్ప షెడ్డులో వదలకూడదు.