లాసాల్ వేర్: ఆకు పందిట్లో మన పెళ్లిళ్లు

మన ఊళ్లలో పెళ్లి పందిరిని ఈనాటికీ లాసాల్ వేర్ అనే అంటాము. ఫ్రెంచి నుంచి క్రియోల్‌లోకి వచ్చిన ఆ మాటకు పచ్చని గది అని అర్థం. గత ముప్పై ఏళ్లలో మనం చూసిన పందిళ్లలో పచ్చనిది ఏమున్నదని వెతికితే, గుమ్మానికి అటూ ఇటూ కట్టిన రెండు అరటి బోదెలు తప్ప మరేమీ కనబడదు. ఇనుప గొట్టాలు, పైన టార్పాలిన్, లోపల తెల్లని నైలాను గుడ్డ, కుర్చీల వీపులకు బంగారు రంగు ముడులు. పేరు మాత్రమే పచ్చగా మిగిలింది. ఆ పేరు ఎట్లా వచ్చింది, పచ్చదనం ఎట్లా పోయింది అనే సంగతి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

పాఠకులు మన్నించాలి, ముందుగా ఇంటి సంగతి చెప్పక తప్పదు. మా చెల్లెలి కూతురి పెళ్లి 2024 ఫిబ్రవరిలో జరిగింది. సంబంధం కుదిరిన రోజునే పిల్ల షరతు పెట్టింది. "పెద్దమ్మా, నా పెళ్లి తరువాత చెత్త మిగలకూడదు" అన్నది. ఒక జాబితా కూడా తెచ్చింది. విదేశం నుంచి తెప్పించే వెదురు పళ్లేలు, మట్టిలో వేస్తే మొలకెత్తే శుభలేఖలు, అద్దెకు దొరికే కాగితం పువ్వులు. మా అమ్మగారు పక్కన కూర్చుని అంతా విన్నారు. ఆమెకు అప్పటికి ఎనభై నాలుగేళ్లు. "మా పెళ్లికి ఇవేవీ లేవు, మిగిలిందీ ఏమీ లేదు" అన్నారు. పిల్ల జాబితా మడిచిపెట్టి, "అయితే మీ పెళ్లి ఎట్లా జరిగిందో చెప్పు అమ్మమ్మా" అన్నది. మేము కూడా అంతవరకు ఆ ప్రశ్న అడగలేదు. ఇన్నేళ్లు బడిలో చరిత్ర చెప్పి, ఇంట్లో ఉన్న చరిత్రను అడగకపోవడం మా తప్పే.

1834 నవంబర్ 2న అట్లాస్ ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరిన సంగతి మన పిల్లలకు తెలిసిందే. తరువాతి కాలంలో ఈ దీవికి సుమారు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. అందులో మన వాళ్లు తక్కువ భాగం. గోదావరి, విశాఖపట్నం, గంజాం వైపుల నుంచి, కొందరు మద్రాసు మీదుగా, కొందరు కోరంగి రేవు నుంచి బయలుదేరారు. అందుకే ఇక్కడి వాళ్లు మనల్ని కొరింగీలు అన్నారు. ఆప్రవాసీ ఘాట్‌లోని 16 మెట్లు ఎక్కిన వాళ్ల మూటల్లో పెళ్లి సామాను ఏముంటుంది? పెళ్లి ఎట్లా చెయ్యాలో మాత్రం తెలుసు. దానికి కావలసిన ఆకులు, కొయ్యలు ఈ నేల మీదే వెతుక్కున్నారు.

కాంపులో జీవితం ఎట్లా ఉండేదో గుర్తు చేసుకుంటే తప్ప ఆ పెళ్లి అర్థం కాదు. నెలకు 5 రూపాయల జీతం. రోజుకు 2 పౌన్ల బియ్యం, కొంత పప్పు, ఉప్పు, నూనె. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దాని పేరు డబుల్ కట్. అంటే కన్నకూతురి పెళ్లికి ఒక్క రోజు ఆగినా రెండు రోజుల జీతం పోయినట్టే. 1867 చట్టం వచ్చాక, గడువు తీరిన పాత వలసదారు సైతం ఫోటో అతికించిన టికెట్టు, పోలీసు పాసు దగ్గర పెట్టుకోవాలి. అవి లేకుండా పట్టుబడితే తిరుగుబోతు అని నిర్బంధించేవారు. ఫ్లాక్‌లో ఉన్న మేనమామ సవాన్‌లో జరిగే పెళ్లికి రావాలంటే పసుపు బట్టలతో పాటు ఆ కాగితాలు కూడా మడిచి తెచ్చుకోవాలి. కాబట్టి పెళ్లి పనులు రాత్రిళ్లు, ఆదివారం పూట జరగాలి. డబ్బు పెట్టి కొనేది ఏదీ ఉండకూడదు. చేతులు మాత్రం చాలా కావాలి.

మా అమ్మగారి పెళ్లి 1959లో, సవాన్ జిల్లాలోని ఒక ఎస్టేటు కాంపులో జరిగింది. అప్పటికి కూలి ఒప్పందాల కాలం పోయి చాలా ఏళ్లయింది. అయినా పెళ్లి చేసే పద్ధతి పెద్దగా మారలేదు. గురువారం సాయంత్రం పని దిగిన మగవాళ్లు ఏటి గట్టుకు పోయి వెదుళ్లు కొట్టుకొచ్చారు. మా మావయ్యకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఒక్కొక్క గడ చివర పట్టుకుని చీకట్లో నడిచిన దారి ఆయనకు ఇప్పటికీ జ్ఞాపకం. మొదట ఈశాన్యం వైపు పందిరి రాట పాతారు. దానికి పసుపు రాసి, నవధాన్యాలు గుడ్డలో మూటగట్టి, మామిడాకులతో కలిపి కట్టారు. తరువాత మిగిలిన గుంజలు, అడ్డ వాసాలు. కట్టడానికి మేకులు కావు, నానబెట్టిన నార. పైకప్పుకు కొబ్బరి మట్టలు, అవి చాలకపోతే చెరకు ఆకు. ఎండకు నీడ చాలు, వానకు దేవుడే దిక్కు అని మావయ్య అంటాడు.

కింద పరచినవి వాకోవా ఆకుతో అల్లిన చాపలు. ఒకప్పుడు చక్కెర మూటలకు సంచులు కూడా ఆ ఆకుతో అల్లేవారు గనుక ఆ పని తెలియని ఆడది కాంపులో లేదు. వంటకు దెక్తీలు కాంపు మొత్తానికి ఉమ్మడివి. ఎవరింట పెళ్లయితే వారింటికి నడిచి వెళ్లేవి. పొయ్యికి ఫిలావో కట్టెలు. పసుపు పెరట్లో తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, రోస్ కారీ మీద నూరినది. భోజనం మన తమిళ సోదరులకూ మనకూ ఉమ్మడి అయిన సెట్ కారీ, అనగా ఏడు కూరలు: గుమ్మడి, పచ్చి అరటి, పనస, వంకాయ పప్పు, ఆకుకూర, టమాటా, ఊరగాయ, వీటి మీద రాసోం. ఏడు అని పేరే గాని లెక్క పెడితే ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. అన్నీ పెరటివీ, పొరుగు పెరటివీ.

అరటి ఆకుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మా అమ్మగారు దీని మీదే అరగంట మాట్లాడారు. ఆకు తెల్లవారుజామున కొయ్యాలి. ఎండెక్కాక కోస్తే మధ్యాహ్నానికి వడలి చీలిపోతుంది. ఒక్కో చెట్టుకు ఒకటి రెండు ఆకులే తీసుకోవాలి, గెల వేసిన చెట్టును ముట్టుకోకూడదు. కోసిన ఆకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, తడిగుడ్డ కప్పి, నీడలో ఉంచాలి. వడ్డించే ముందు తుడవాలి. ఆకు కొన తినేవాడి ఎడమ చేతి వైపు ఉండాలి. భోజనాలయ్యాక ఆకులు ఆవులకు, బూడిద దెక్తీలు తోమడానికి, బోదెలు పెరట్లో పాదులకు. సోమవారం పొద్దున్నే అందరూ చెరకు తోటకు వెళ్లిపోయారు. పందిరి ఉన్న చోట గుంజల గోతులు తప్ప మరేమీ లేదు.

ఇది విని మేము మురిసిపోయిన మాట నిజం. అయితే మా అమ్మగారు వెంటనే మరొక మాట అన్నారు. "రెండు రాత్రులు రోస్ కారీ దగ్గర కూర్చున్నాము. నా పెళ్లినాడు మా అక్కకు నడుము లేవలేదు" అన్నారు. ఆ కాలపు పెళ్లి చెత్త మిగల్చలేదంటే అందుకు కారణం ప్రకృతి మీద ప్రత్యేకమైన భక్తి కాదు. కొనడానికి డబ్బు లేదు, పారెయ్యడానికి వస్తువు లేదు. అందులో సగం భారం ఆడవాళ్ల నడుముల మీద నడిచింది. ఈ సంగతి దాచిపెట్టి పాత రోజులను పొగడటం మాకు ఇష్టం లేదు.

మార్పు ఒక్క రోజులో రాలేదు. కాని ఒక తేదీ మాత్రం చెప్పుకోవచ్చు. 1960 జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి చివర కరోల్, రెండు తుపానులు వెంట వెంటనే వచ్చి గడ్డి ఇళ్లను ఊడ్చుకుపోయాయి. ఆ తరువాత కాంక్రీటు ఇళ్లు లేచాయి. మంచిదే, ఎవరూ కాదనరు. కాని ఇంటి చుట్టూ సిమెంటు పరిచాక రాట పాతే చోటు పోయింది. కాంపులు పలచబడి మనవాళ్లు ఊళ్లలో చెదిరారు.

రెండో కారణం అంతకంటే పెద్దదని మా అభిప్రాయం. 1970 చట్టంతో ఎగుమతి పరిశ్రమల మండలం ఏర్పడింది. 1980 తరువాతి సంవత్సరాల్లో బట్టల ఫ్యాక్టరీలు వేలాది ఆడవాళ్లకు పని ఇచ్చాయి. మా తరంలో చదువుకున్న చాలామందికి ఫీజులు కట్టింది ఆ జీతమే. అయితే శనివారం కూడా ఓవర్‌టైమ్ చేసి వచ్చిన అక్కచెల్లెళ్లు రాత్రంతా పొరుగింటి పెళ్లికి పసుపు నూరగలరా? ఎవరూ తప్పు చెయ్యలేదు. చేతులు ఖాళీగా లేవు, చేతుల్లోకి కొంచెం డబ్బు వచ్చింది. ఆ ఖాళీలోకి వంట కాంట్రాక్టు, అద్దె గుడారం, ప్లాస్టిక్ పళ్లెం, నురుగు బార్కెట్లు వచ్చి కూర్చున్నాయి. పళ్లెం పారేస్తే తోమే మనిషి అవసరం లేదు. కడిగే చేతికి బదులుగా వచ్చిన వస్తువు అది. అట్లా పారేసినదంతా 1997 నుంచి దక్షిణాన మార్ షికోజ్ గుట్ట మీదికి చేరుతున్నది. ఇంత చిన్న దీవికి అదొక్కటే చెత్త పాతిపెట్టే చోటు.

తరువాత ప్రభుత్వం కలగజేసుకున్నది. 2016 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. 2021 జనవరి 15 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు మొదలైనవి నిషేధం. మంచి చట్టాలే. కాని పెళ్లి తరువాత బయట పెట్టే సంచుల సంఖ్య పెద్దగా తగ్గినట్టు మాకు కనబడలేదు. లోపలి సరుకు మాత్రం ప్లాస్టిక్ నుంచి అట్టకు మారింది.

ఆ చట్టానికి ముందు ఏడే మరొకటి జరిగింది. 2020 జులై 25న వాకాషియో ఓడ పొయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టు 6న చమురు కారడం మొదలైంది. మయేబూర్ ఒడ్డుకు మేము మా బడి పిల్లలతో వెళ్లాము. ఎక్కడెక్కడి వాళ్లో చెరకు ఆకు లారీలతో తెచ్చారు. దాన్ని గుడ్డ గొట్టాల్లో కూరి, కుట్టి, సముద్రం మీద తేలే అడ్డుకట్టలు చేశారు. తెలుగు, తమిళం, క్రియోల్, ముసల్మాను అని లేదు, నేల మీద వరసగా కూర్చుని రాత్రి దాకా కుట్టారు. ఒకరు కూరుతుంటే ఒకరు సూది పట్టుకున్నారు, ఇంకొకరు టీ పోశారు. మా పక్కన కూర్చున్న ఒక ముసలామె, "పెళ్లింట్లో కూర్చున్నట్టుంది" అన్నది. ఈ చేతులు ఎక్కడికీ పోలేదు, పిలిచేవాళ్లే లేరు అని ఆనాడు మాకు తోచింది.

ఇక మా పిల్ల పెళ్లి. మొదట ఒక హాలు చూశాము. అరటి ఆకులు వేస్తే నేల మరకలవుతుంది, మా పళ్లేలే వాడాలి అన్నారు. సరే అని చెల్లెలి ఇంటి వెనక ఖాళీ స్థలంలో చెయ్యాలనుకున్నాము. స్థలం చిన్నది, కాబట్టి ఆరు వందల మందిని పిలిచే మాట లేదు. రెండు వందల యాభై అన్నాము. నిజం చెప్పాలంటే అన్నిటికంటే ఎక్కువ చెత్త తగ్గించింది ఈ ఒక్క నిర్ణయమే. అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిందీ ఇదే. పిలుపు అందని ఒక దగ్గరి బంధువు ఈనాటికీ మాతో మాట్లాడటం లేదు. కాంపు పెళ్లిలో ఎవరినీ పిలవక్కర లేదు, అందరూ అక్కడే ఉన్నారు. మాకు ఎవరిని వదలాలో లెక్క పెట్టవలసి వచ్చింది.

2024 జనవరి 15న బెలాల్ తుపాను వచ్చి చుట్టుపక్కల అరటి తోటలు పడుకోబెట్టింది. పెళ్లికి నాలుగు వారాలు కూడా లేదు. పిల్లవాళ్లు స్కూటర్ల మీద ఊరూరు తిరిగి, రెండు ఆకులు ఇక్కడ, నాలుగు అక్కడ అని మాట తీసుకున్నారు. శనివారం తెల్లవారుజామున వెళ్లి కోసుకొచ్చారు. మావయ్య కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తుంటే మనవలు గుంజలు పాతారు. నార ముడి వాళ్లకు మూడోసారికి గాని పట్టుబడలేదు. పడమటి వైపు వాసం ఒకటి పెళ్లి మధ్యలో వంగింది. పురోహితులవారు మంత్రం ఆపకుండానే కొంచెం జరిగి కూర్చున్నారు. చివరి బంతికి ఆకులు చాలలేదు. భజన మందిరం నుంచి తెచ్చిన స్టీలు పళ్లేలు పెట్టాము. వాటిని తోమింది మాత్రం ఈసారి మగవాళ్లు. అది మా అమ్మగారి షరతు.

సోమవారం నాడు మిగిలినవి రెండు చిన్న సంచులు, పూల దండల దారాలు, ఎవరో దాచి తెచ్చుకున్న నీళ్ల సీసాలు. ఆకులు ఎరువు గోతిలోకి వెళ్లాయి, మా వీధిలో ఇప్పుడు ఆవు లేదు గనుక.

వెదుళ్లు ఎండబెట్టి, భజన మందిరం వెనక రేకుల కింద పేర్చి ఉంచాము. మొత్తం ముప్పై రెండు గడలు, అందులో వంగినదాన్ని వేరుగా కట్టి పెట్టాము. మందిరం పరిధిలో ఎవరింట పెళ్లయినా తీసుకోవచ్చు. రెండు వారాల ముందు కబురు చేస్తే చాలు, ముడి వెయ్యడం నేర్చిన కుర్రవాళ్లు అయిదుగురున్నారు. ఆకుల సంగతి మాత్రం ఎవరి ఊరిలో వాళ్లు ముందుగా చూసుకోవాలి. మావయ్యకు ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు గాని, కుర్చీ వేసి తీసుకువెడితే వస్తానంటున్నాడు.