తోప్ కా సాంచా – తుపాకిమందు

గౌలిగూడ నుండి కోఠి మీదుగా ఆబిడ్స్ వైపు వెళ్ళే వారిలో చాలామందికి గన్‌ఫౌండ్రీ అన్నది ఒక బస్సు స్టాపు పేరు మాత్రమే. పాతబస్తీ పెద్దలు దానిని తోప్ కా సాంచా అంటారు. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. నిజాం అలీ ఖాన్ (పాలన 1762–1803) కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు, గుండ్లు పోత పోయించాడు. ఫిరంగిని గురించి వ్రాసిన వారు మనలో చాలామంది ఉన్నారు. దానిలో కూరే మందును గురించి వ్రాసినవారు తక్కువ. మందు లేనిదే ఫిరంగి ఒక ఇనుప దుంగతో సమానం గదా!

సురేకారం, గంధకం, బొగ్గు – ఈ మూడింటి కలయికే తుపాకిమందు. ఉర్దూలో బారూద్. దీనిని ముస్లిములే కనిపెట్టారని మన ఉపన్యాసకులు కొందరు చెబుతుంటారు. అది సరికాదు. అది చైనావారి సృష్టి. ఆ సంగతి దాచవలసిన అగత్యం అరబ్బు పండితులకే కలుగలేదు. ఇబ్నుల్ బైతార్ (మరణం 1248) సురేకారాన్ని ‘చైనా మంచు’ అని పేర్కొన్నాడు. మనవారి ఘనత వేరొక చోట ఉన్నది. సిరియా దేశీయుడైన హసన్ అర్రమ్మాహ్ (మరణం 1295) సురేకారాన్ని కట్టెల బూడిదతో శుద్ధి చేసే పద్ధతిని వివరంగా వ్రాసి పెట్టాడు. శుద్ధి చేయని సురేకారం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అటువంటి మందు అవసరానికి అంటుకోదు.

మందు ఉన్నంత మాత్రాన కోట లొంగదన్నదానికి మన గోల్కొండయే సాక్ష్యం. 1687లో (హిజ్రీ 1098) ఔరంగజేబు సైన్యం గోడల క్రింద సొరంగాలు త్రవ్వి మందు దట్టించగా, ప్రేలుడు వెనుకకు తన్ని మొగలు సైనికులనే బలిగొన్నది. ఎనిమిది నెలల ముట్టడి తరువాత ద్వారం తెరిచింది మందు కాదు, లంచం పుచ్చుకొన్న అబ్దుల్లా ఖాన్ పనీ.

ఏ ఆయుధానికి ఏ మందు వాడాలన్నది ఆనాటి సైనికుని ప్రాణాలతో ముడిపడిన విషయం. మూడు పొడులను ఊరక కలిపి ఎడ్లబండి మీద తీసుకుపోతే, దారి కుదుపులకు బరువైనవి అడుగుకు, తేలికైన బొగ్గు పైకి చేరేవి. అందుకని మందును తడిపి, ముద్ద చేసి, ఆరబెట్టి, నలగగొట్టి జల్లెడ పట్టేవారు. ముతక గింజలు మెల్లగా కాలుతాయి, అవి ఫిరంగికి. సన్న గింజలు త్వరగా కాలుతాయి. అవి చేతి తుపాకులకు. మరీ సన్ననిది చెవి దగ్గర నిప్పంటించే గిన్నెకు. సన్న మందును ఫిరంగిలో నింపితే అది శత్రువును గాక గోలందాజునే చంపవచ్చు. సీసం మెత్తని లోహం. వంటపొయ్యి మీదనే కరిగించి అచ్చులో పోసుకోవచ్చు. తోడేదార్ తుపాకి పట్టిన అరబ్బు, రోహిలా సిపాయీలు తమ గుండ్లను తామే పోసుకొని, కొమ్ములోని మందును తామే కొలిచి పోసుకొనేవారు. మందు తగ్గితే గుండు దగ్గరనే పడిపోతుంది, మించితే గొట్టం పగులుతుంది. ఆ కొలత వారి చేతిలో ఉండేది.

(1884లో ఫ్రాన్సులో వియేయ్ పొగలేని మందును తయారుచేశాడు. దానితో గుండు వేగం ఎంతగానో పెరిగింది. మెత్తని సీసం ఆ వేగానికి తాళలేక గొట్టంలోనే అరిగి అంటుకుపోయేది. అందుకే రైఫిలు గుండుకు రాగి లేదా ఇతర లోహపు తొడుగు వచ్చింది. పిస్తోలులో వేగం తక్కువ గనుక వట్టి సీసపు గుండు నేటికీ చెల్లుతున్నది. పాత తుపాకిలో కొత్త మందు వాడితే మాత్రం గొట్టం పేలిపోతుంది.)

రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. మలక్‌పేట దగ్గర అతని సమాధి ఉన్నది. మూసా రామ్ బాగ్ అన్న పేరు అతని జ్ఞాపకమే. సెప్టెంబరులో నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో, జీతాల బకాయిలతో విసిగి తిరగబడి ఉన్న ఫ్రెంచి పటాలాలు, సుమారు పదునాలుగు వేల మంది, యుద్ధం లేకుండానే ఆయుధాలు అప్పగించాయి. ఆ తరువాత నిజాం రాజ్యరక్షణ కంపెనీ సైన్యం చేతిలోనికి పోయింది. ఖర్చు మాత్రం నిజాముదే. ఆ ఖర్చు బాకీ క్రిందనే 1853లో బీరార్ చేజారింది.

అదే 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు సంగతి పాఠకులకు తెలిసినదే. దానికి మందు, సీసపు గుండు కలిపి కాగితంలో చుట్టిన తూటా కంపెనీయే ఇచ్చేది. అడుగు గుల్లగా ఉన్న మెత్తని గుండు మందు ఒత్తిడికి ఉబ్బి గొట్టపు గాళ్ళను పట్టుకుంటుంది. అది సాఫీగా దిగడానికి పైన కొవ్వు పూసేవారు. సిపాయీ దానిని పంటితో చింపాలి. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న అనుమానం హిందువును, ముస్లిమును ఒకేసారి కదిలించింది. ఇంట్లో పోసుకున్న గుండు మీద ఏ కొవ్వు ఉన్నదో మనిషికి తెలుసు. ఎవరో చుట్టి ఇచ్చిన తూటాలో ఏమున్నదో ఎలా తెలుస్తుంది?

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిలాలు కోఠిలోని రెసిడెన్సీ మీద పడ్డారు. కంపెనీ వారికి అప్పగింపబడిన జమేదారు చీదా ఖాన్‌ను విడిపించడం వారి తక్షణ ఉద్దేశ్యం. పుత్లీబౌలీ వైపు ఇండ్ల నుండి రాత్రంతా కాల్పులు సాగించారు. లోపల కంపెనీ ఫిరంగులు ఉన్నాయి. దివాను సాలార్ జంగ్ కంపెనీ పక్షమే వహించాడు. రోహిలాలకు ఫిరంగి ఏదీ రాలేదు. తోప్ కా సాంచా అక్కడికి నడక దూరంలోనే ఉన్నది.

మౌల్వీని అండమానుకు పంపారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో బహిరంగంగా వ్రేలాడదీశారు. కోఠిలో అతని పేరిట ఒక రోడ్డు ఉన్నది.