ముద్దాయిల పక్షాన: క్లారెన్స్ డారో

శ్రోతలకు ఆసక్తి కలిగించే ఒక విశేషంతో ఈ ప్రసంగం ప్రారంభిస్తాను. అమెరికాలో ఒక న్యాయవిచారణను కోర్టు గదినుండే రేడియోలో వినిపించడం మొదటిసారిగా 1925 జూలైలో జరిగింది. టెనిసీ రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో, పరిణామవాదాన్ని బోధించాడని స్కోప్స్ అనే ఉపాధ్యాయునిపై నడిచిన కేసు అది. చికాగోలోని డబ్ల్యూ.జి.ఎన్. స్టేషను దానిని ప్రసారం చేసింది. ఉపాధ్యాయుని పక్షాన నిలిచిన క్లారెన్స్ డారో పేరు దేశదేశాల మారుమ్రోగింది. అయితే ఆ కేసులో పడిన శిక్ష 100 డాలర్ల జుర్మానా మాత్రమే. డారో జీవితంలోని అసలు బరువు ఉరికంబం నీడలో నడిచిన కేసులలో ఉన్నది.

1857లో ఒహాయో రాష్ట్రంలో జన్మించిన డారో, చికాగో చేరి ఒక రైల్వే కంపెనీకి వకీలుగా సుఖంగా కాలం గడుపుతూ ఉండేవాడు. 1894లో రైలు కార్మికుల సమ్మె రాగా ఆ కొలువు వదలి, సమ్మె నాయకుడు యూజిన్ డెబ్స్ పక్షం వహించాడు. ఆ ఏడే, చికాగో మేయరును హత్య చేసిన ప్రెండర్‌గాస్ట్ మతి చెడినవాడని వాదించి ఓడిపోయాడు. అతనిని ఉరితీశారు. మరణదండనపై డారో విముఖత జీవితాంతం సడలలేదు.

ఒక మచ్చను దాచి ఆయన కథ చెప్పడం న్యాయం కాదు. 1911లో లాస్ ఏంజిలిస్ పత్రికా కార్యాలయం ప్రేలుడు కేసులో మెక్‌నమారా సోదరుల చేత నేరం ఒప్పించి వారి ప్రాణాలు కాపాడాడు. కార్మికులు దానిని ద్రోహమన్నారు. అంతలో జ్యూరీకి లంచమిచ్చాడన్న ఆరోపణపై తానే ముద్దాయిగా నిలవవలసివచ్చింది. ఒక విచారణలో నిర్దోషి అన్నారు. రెండవదానిలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. నిజమేదో చరిత్రకారులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు.

1924లో లియోపోల్డ్, లోబ్ అనే ఇద్దరు సంపన్న యువకులు, ఇరవై ఏండ్లయినా నిండనివారు, 14 ఏండ్ల బాలుని నిష్కారణంగా చంపారు. చికాగో అంతా ఉరి ఉరి అని ఘోషించింది. మతిభ్రమ అని జ్యూరీ ముందు వాదిస్తారని ప్రాసిక్యూషన్ కాచుకొని ఉండగా, డారో లేచి తన కక్షిదారులు నేరం ఒప్పుకొంటున్నారన్నాడు. అలా ఒప్పుకొంటే జ్యూరీ ఉండదు. శిక్ష నిర్ణయించవలసినది న్యాయాధిపతి ఒక్కడే. పండ్రెండుగురు కలిసి ఉరి అంటే ఒక్కొక్కరి వంతుకు వచ్చే పాపం కొద్దిపాటిది. ఒక్కడే అనవలసివస్తే ఆ మాట నోట వెడలడం కష్టం. ఈ మనుష్యస్వభావాన్నే డారో నమ్ముకొన్నాడు. చివర ఆయన చేసిన వాదన ఇంచుమించు 12 గంటలు సాగింది. ముద్దాయిల లేతవయస్సును గమనించి న్యాయాధిపతి కావర్లీ యావజ్జీవ కారాగారమూ, దానిపై 99 ఏండ్లూ విధించాడు.

ధనవంతుల బిడ్డలు గనుక డారో దొరికాడు కదా అని ఎవరైనా అంటే కాదనలేము. అయితే మరుసటి ఏడు ఆయన డిట్రాయిట్ వెళ్ళాడు. ఆసియన్ స్వీట్ అనే నల్లజాతి వైద్యుడు తెల్లవారి పేటలో ఇల్లు కొనుక్కొన్నాడు. మూక చుట్టుముట్టి రాళ్ళు రువ్వింది. ఇంటినుండి ప్రేలిన తుపాకిగుండుకు ఒక తెల్లవాడు మరణించగా, లోపలివారు 11 మందిపై హత్యానేరం మోపారు. ఈసారి పండ్రెండుగురినీ ఎదుర్కొనక తప్పలేదు, అందరూ తెల్లవారే. మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది. 1926 మేలో వైద్యుని తమ్ముడు హెన్రీని విడిగా విచారించినప్పుడు, మీ మనస్సులో వర్ణద్వేషం ఉన్నది, ముందు దానిని గుర్తించండని డారో జ్యూరీతో సూటిగా చెప్పాడు. వారు నిర్దోషి అన్నారు. తక్కినవారిపై కేసులు తరువాత వదలివేశారు.

డారో 1938లో చికాగోలో కన్నుమూశాడు. అంతకు రెండేండ్ల ముందే లోబ్ చెరసాలలో తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. లియోపోల్డ్ 33 ఏండ్ల శిక్ష అనుభవించి 1958లో విడుదలై, ప్యూర్టోరికో దీవిలో ఒక చిన్న ఆసుపత్రిలో పనికి చేరాడు.